లీదియా వేలిముద్ర

రోశమ్మ మా ఇంటికి వచ్చేసరికి ఏడు కూడా కాలేదు. వెనక ఆమె కూతురు లీదియా నిలబడి ఉంది. ఆ పిల్ల చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పదో తరగతి మార్కుల లిస్టు, ఆధార్ కార్డు. నేను అప్పుడే మొహం కడుక్కుని తువాలు తీసుకున్నాను.

"సారూ, సీటు వచ్చిందంట. రాత్రి ఫోనుకు మెసేజీ వచ్చింది. అయిదు గంటల్లోపల వేలు వేయకపోతే ఇంకొకరికి పోతాదంట," అంది రోశమ్మ.

"ఏ రోజు అయిదు గంటలకు?"

"ఈ రోజే సారూ," అంది లీదియా.

నేను ఆ పిల్లకు మూడేళ్ళు తెలుగు చెప్పాను. పరీక్షలో ఆరు వందలకు అయిదు వందల నలభై ఒకటి వచ్చాయి. మా బడిలో ఆ సంవత్సరం అదే ఎక్కువ. సీటు వచ్చింది వేరే జిల్లాలోని ఆడపిల్లల రెసిడెన్షియల్ కాలేజీలో. చదువు, తిండి, పడక అన్నీ వాళ్ళే చూసుకుంటారు. తండ్రి శ్యాంసన్ హైదరాబాదులో తాపీ పనికి పోతాడు, క్రిస్మస్‌కు ఒకసారి వస్తాడు. రోశమ్మ కూలికి పోతుంది. ఈ సీటు పోతే పిల్ల ఎక్కడికి పోవాలో అందరికీ తెలుసు. తండ్రి పనిచేసే చోట ఇసుక మోసే ఆడవాళ్ళు ఎప్పుడూ తక్కువే.

సీటు ఖాయం చేసుకోవాలంటే కాలేజీ వాళ్ళ సైటులో ఆధార్ నంబరు కొట్టి, పిల్ల వేలిముద్ర వేయాలి. ముద్ర కలిస్తే సీటు ఖాయం. రోజుకు మూడుసార్లే అవకాశం.

"మార్కాపురం పోదాం అంటే బస్సు పోయింది. మా వీధిలో అందరూ సారోళ్ళింటికే పో అన్నారు. పాప మిషన్ ఉండాది గదా అన్నారు," అంది రోశమ్మ. ఆ మాట అన్నాక తల దించుకుంది.

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. మా ఊరు పెద్దారవీడుకు తొమ్మిది కిలోమీటర్లు. రెండేళ్ళపాటు ఊళ్ళో వేలిముద్ర పని అంటే మా ఇల్లే.

కెజియా మా కూతురు. పోయిన అక్టోబరులో జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు ఉండి ఒంగోలు ఆసుపత్రిలో చనిపోయింది. ఇరవై రెండేళ్ళు. దీని గురించి ఇంతకంటే ఎక్కువ రాయడం నాకు చేతకాదు.

బడిలో పనికిరాదని పక్కన పెట్టిన కంప్యూటర్ ఒకటి అనుమతి తీసుకుని నేను ఇంటికి తెచ్చాను. విండోస్‌తో అది నత్తలా నడిచేది. కెజియా దాన్ని తీసేసి, పెంగ్విన్ పక్షి బొమ్మ గుర్తుగా ఉండే లైనక్స్ వేసింది. "నాయనా, ఇది ఏ ఒక్కరి సొత్తూ కాదు. రాసినోళ్ళు రాసింది దాచుకోలేదు. మనం విప్పి చూసుకోవచ్చు, మనకు కావలసినట్ల మార్చుకోవచ్చు, ఎవరిని అడగబళ్ళేదు," అని చెప్పింది. చీరెకు కుట్టుపని చేసుకున్నంత మామూలుగా చెప్పింది. తను కొన్న వేలిముద్ర మిషన్‌ను మాత్రం అమ్మినవాళ్ళు విండోస్ కోసమే తయారు చేశారు. లైనక్స్‌తో దాని చేత పని చేయించడానికి కెజియాకు ఒక వేసవి సెలవుల్లో ఇరవై రోజులు పట్టింది. ఇరవై ఒకటో రోజు వాళ్ళమ్మ హెలెన్‌ను పిలిచి వేలు పెట్టించింది. ఆకుపచ్చ లైటు వెలిగింది. ఇద్దరూ ఊరంతా వినపడేట్టు అరిచారు.

ఆ తర్వాత పింఛను తీసుకునే ముసలివాళ్ళు బతికి ఉన్నట్టు ధ్రువపత్రం కోసం మా ఇంటికే వచ్చేవాళ్ళు. వాళ్ళకు తెర కనపడదు, కనపడినా చదవలేరు. అందుకని కెజియా ఒక్కో మెట్టుకూ తన గొంతుతో మాటలు రికార్డు చేసి కంప్యూటర్‌లో పెట్టింది. తను ఇంట్లో లేకపోయినా నేనో హెలెనో నంబరు కొడితే చాలు, మిగిలింది కంప్యూటరే చెప్పేది. తీగ ఊడితే ఒక మాట చెప్పేది. సైటు ఆగిపోతే ఇంకో మాట. "సర్వర్ నిద్రపోతాందవ్వా, టీ తాగి రా," అనేది. అవ్వలు నవ్వి, దానికి కూడా జవాబు చెప్పేవాళ్ళు.

అక్టోబరు తర్వాత ఎవరూ రాలేదు. రావడానికి మొహమాటపడ్డారు. కంప్యూటర్ మీద ఒక దుప్పటి కప్పి ఉండేది. నేను దాన్ని ముట్టుకోలేదు.

ఆ రోజు బడికి సెలవు. హెలెన్ ఇంట్లో లేదు. దర్శిలో స్త్రీల కూటం ఉంటే తెల్లవారి బస్సుకు వెళ్ళింది, సాయంత్రానికి వస్తుంది. నేను దుప్పటి తీసి మడిచి మంచం మీద పెట్టాను. మీట నొక్కాను. ఏమేం చేయాలో కెజియా ఒక కాగితం మీద రాసి గోడకు అంటించి ఉంది. అది చూసుకుంటూ సైటు తెరిచి, లీదియా చెప్పిన పన్నెండు అంకెలూ కొట్టాను.

"వేలు పెట్టవ్వా," అంది కంప్యూటర్. "గట్టిగా వత్తొద్దు. పలక మీద ఈగ వాలినట్ల పెట్టు."

ఎనిమిది నెలల తర్వాత ఆ గొంతు వినడం అదే మొదటిసారి. నేను కుర్చీ వీపు పట్టుకున్నాను.

లీదియా పెట్టబోయిన వేలు వెనక్కి తీసుకుంది. "అక్క గొంతు," అంది మెల్లగా.

"పెట్టమ్మా," అన్నాను.

పెట్టింది. కొంతసేపు చక్రం తిరిగింది.

"కలవలేదవ్వా. ఈ వేలు, కార్డులో వేలు ఒకటి కాదు. ఇంకో వేలు పెట్టి చూడు."

చెయ్యి తుడుచుకుని రెండో చేతి బొటనవేలు పెట్టింది. మళ్ళీ అవే మాటలు వచ్చాయి. తెర మీద ఈ రోజుకు ఇంకొక్క అవకాశమే ఉందని ఎర్రగా రాసి వచ్చింది. నేను ఆపేశాను.

రోశమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

మార్కాపురంలో కిషోర్ అని ఆన్‌లైన్ సెంటర్ నడిపే అతను ఉన్నాడు. వాళ్ళది కిరాణా వ్యాపారం చేసే కుటుంబం. ఇతను దుకాణంలో సగం ఖాళీ చేయించి కంప్యూటర్లు పెట్టాడు. కెజియా అతని దగ్గర ఆరు నెలలు పని నేర్చుకుంది. అతనికి ఫోను చేశాను.

"సార్, బాగుండారా?" అన్నాడు. నేను విషయం చెప్పాను. "అయ్యో, నా కాడ వేలు పనులు రెండు రోజులుగా ఆపినా సార్. మిషన్ రిన్యూవల్ గడువు అయిపోయింది. మా వీధిలో నలుగురం ఒక్క ఏజెంటు కాడనే కొన్నాము, నలుగురివీ ఒక్క రోజే పడుకున్నాయి. ఎల్లుండికి గానీ లేవవు. సచివాలయం మిషన్లు వాళ్ళ పనులకే, ఈ సైటుకు పనికిరావు."

"మా మిషన్ తెస్తే నీ కంప్యూటర్‌కు పెట్టొచ్చా?"

"అది వేరే కంపెనీది సార్. ఒక సిస్టమ్‌లో రెండు కంపెనీలవి పెడితే అత్తాకోడళ్ళ మాదిరి కొట్టుకుంటాయి. ఇక్కడ జనం రోడ్డు దాకా ఉండారు, నా దుకాణం ఆగిపోతాది. పైగా ఒక్క ఛాన్సే ఉందంటాండారు, పోతే నన్నంటారు." అక్కడెవరికో ఆగమని చెప్పి మళ్ళీ ఫోనులోకి వచ్చాడు. "ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు. మీ పాప మిషన్ మంచిదే. ఆ లైనక్సే తేడా. సైట్లన్నీ ఇప్పుడు మారినాయి. విండోస్ ఏపించండి, ఇంట్లోనే అయిపోతాది."

అదే మాట మా బడిలో లెక్కలు చెప్పే నాగేశ్వర్లు కూడా ఫోనులో అన్నాడు. పెద్దారవీడులో ఉంటాడు. తన లాప్‌టాప్ తమ్ముడు పట్టుకుపోయాడని, విండోస్ ఉన్న పెన్‌డ్రైవ్ మాత్రం తన దగ్గర ఉందని చెప్పి, పదిన్నరకల్లా మోటారుసైకిల్ మీద వచ్చాడు.

"ఏంది సార్, పెంగ్విన్ పక్షిని పెట్టుకుని సైటు తెరుస్తారా? మన ఎండలకు అది బతుకుతాదా?" అంటూ లోపలికి వచ్చి, కంప్యూటర్ పక్కన గోడ మీది ఫొటో చూసి నోరు మూసుకున్నాడు. కుర్చీ దూరంగా జరుపుకుని కూర్చున్నాడు.

"అప్పుడు పనిచేసింది కదా నాగేశ్వర్లూ. ఊళ్ళో అవ్వలందరికీ చేసింది," అన్నాను.

"అప్పుడు పాప ఉండాది సార్. ఎప్పటికప్పుడు సరిచేసుకునింది. ఎనిమిది నెలలు ముట్టుకోకపోతే బండి కూడా స్టార్టు కాదు. ఇదేదో ఆమె సొంతంగా చేసుకున్న ఏర్పాటు. మనకెట్ల తెలుస్తాది?"

"మిషన్దే తప్పా నాయనా?" అని రోశమ్మ అడిగింది. పొద్దుటి నుంచి ఆమె అడిగిన మొదటి మాట అదే.

"మిషన్దేలే అమ్మా. పిల్ల వేలికేం? బంగారం మాదిరి వేలు."

"దేవునికి స్తోత్రం," అంది రోశమ్మ. ఆమె మొహంలోకి రక్తం రావడం నేను చూశాను. సీటు మీద ఆశ కాబోలు అనుకున్నాను.

నాగేశ్వర్లు పెన్‌డ్రైవ్ పెట్టి ఏవేవో నొక్కాడు. నీలం తెర వచ్చింది. మీట మీద వేలు ఉంచి నా వైపు తిరిగాడు.

"సార్, ఇది నొక్కితే లోపలున్నదంతా పోతాది. ఉంచుకోవాల్సినయి ఏమన్నా ఉండాయా? ఉంటే ముందు వేరే దాంట్లోకి ఎక్కించాల. పెన్‌డ్రైవ్ ఇదొక్కటే ఉండాది. మార్కాపురం పోయి ఇంకోటి తేవాల."

పోయి రావడానికి రెండు గంటలు. ఎక్కించడానికి ఎంతసేపో తెలియదు. అప్పటికి పదకొండు దాటింది. లీదియా నా ఎదురుగా నిలబడి ఉంది. ఆ పిల్లకు కంప్యూటర్‌లో ఏముందో తెలుసు, పొద్దున విన్నది. నన్ను చూడకుండా గోడ మీది కాగితం చదువుతున్నట్టు నిలబడింది. బతికి ఉన్న పిల్ల సీటు ఒక వైపు, ఇంకో వైపు ఏడెనిమిది మాటలు. వాటిని తూచడానికి నాకు హక్కు లేదనిపించింది. హెలెన్‌కు ఫోను చేసి అడగొచ్చు. అడిగితే ఆమె ఏమంటుందోనని భయపడి అడగలేదు. ఈ సంగతి కూడా రాయాలి.

"ఏమీ లేవు," అన్నాను.

నాగేశ్వర్లు నొక్కాడు.

విండోస్ ఎక్కడానికి రెండు గంటలు పట్టింది. మధ్యలో ముప్పావుగంట కరెంటు పోయింది. లీదియా మా వంటింట్లో అన్నం వండి, పచ్చడి వేసి అందరికీ పెట్టింది. తను తినలేదు. వేలికి నూనె అంటుతుందని భయం. రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, చెయ్యి దేనికీ తగలకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఈ మాదిరి చెయ్యి పెళ్ళికూతురు కూడా దాచుకోదు," అన్నాడు నాగేశ్వర్లు. ఆ పిల్ల నవ్వింది.

నాగేశ్వర్లు ఫోను నుంచి నెట్ ఇచ్చి మిషన్ సాఫ్ట్‌వేర్ దించాడు. నెట్ మెల్లగా ఉండి, నాలుగుంబావుకు గానీ అంతా సిద్ధం కాలేదు. రోశమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. లీదియా కుడిచేతి బొటనవేలు పెట్టింది. ఈసారి ఏ గొంతూ లేదు. చక్రం తిరిగింది. తెర మధ్యలో ఎర్ర అంచుతో చిన్న పెట్టె వచ్చింది, ఇంగ్లీషులో రెండు వరుసలు.

నాగేశ్వర్లు చదివాడు. ఇంకోసారి చదివాడు. నావైపు చూడలేదు.

"ఏమంటాంది నాయనా?" అంది రోశమ్మ.

"మిషన్ బాగానే ఉండాది. సిస్టమ్ బాగానే ఉండాది. వేలే కలవలేదంట. ఈ వేలు ఆ కార్డుది కాదంటాంది." అతను కార్డు చేతిలోకి తీసుకున్నాడు. అందులో అయిదారేళ్ళ పిల్ల ఫొటో. "చిన్నప్పుడు తీయించిన కార్డు. పదిహేను దాటినాక మళ్ళా వేళ్ళు ఇచ్చి మార్పించుకోవాల. మార్పించలేదామ్మా?"

"లేదు."

"అదీ సంగతి సార్. వేలు పెరిగినాది. అయినా మరీ వేరే మనిషిది అన్నట్ల..."

"అది దీని వేలు కాదు నాయనా," అంది రోశమ్మ.

మాకు అర్థం కాలేదు. ఆమె కొంగు నోటి దగ్గర పెట్టుకుని, తీసి, మామూలు గొంతుతోనే చెప్పింది.

"అది పెద్దదాని వేలు."

అప్పుడు వాళ్ళు ముండ్లమూరు వైపు పొగాకు పనిలో ఉన్నారు. మా ఊరికి ఇంకా రాలేదు. పెద్ద పిల్ల ఒకటో తరగతి. బడిలో కార్డులు తీస్తుంటే దానికి పది వేళ్ళూ పెట్టించి ఫొటో తీశారు. ఆ పిల్ల పేరు లీదియా. నెల తిరగకుండా వాంతులు పట్టుకుని రెండు రోజుల్లో పోయింది. చిన్నది అప్పటికి నాలుగేళ్ళది. దానికి ఏ పేరూ పెట్టలేదు. చిట్టీ అని పిలిచేవాళ్ళు. పాస్టరుగారి చేత ప్రార్థన చేయించి పెడదామనుకుంటూనే పనుల్లో పడి రోజులు జరిగిపోయాయి.

"రెండు నెలలకు పోస్టాయన వచ్చినాడు సారూ. నేను వాకిట్లో కూర్చోని ఉండా. ఇది నా ఒళ్ళో ఉండాది. 'లీదియా ఎవరమ్మా' అన్నాడు. కవరు చూపిచ్చినాడు. మీద దాని పేరు ఉండాదంట. నా బిడ్డ పేరు దేవుడు తిరిగి పంపిచ్చినాడనుకున్నా. 'ఇదే' అన్నా. ఒళ్ళో ఉన్నదాన్ని చూపిచ్చినా. ఆయన కవరిచ్చి పోయినాడు. ఆ దినం నుంచి దీన్ని అదే పేరుతో పిలిచినాం. వాళ్ళ నాయన కూడా ఏమనలేదు. బళ్ళో ఏసేటప్పుడు ఆ కార్డే చూపిచ్చినా. పేరు ఒకటే గదా, తల్లీతండ్రీ ఒకటే గదా."

"పొద్దున్నే చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు నాగేశ్వర్లు. అతని గొంతు పెరిగింది. "రెండుసార్లు కలవనప్పుడన్నా చెప్పొచ్చు కదా!"

"నాకు అనుమానం వచ్చింది నాయనా. మీరంతా మిషన్దే తప్పంటిరి. ఫోనులో ఆయనా అంటాడు, నువ్వూ అంటివి. సదువుకున్నోళ్ళు మీరు. నేనేం సదివినా?"

లీదియా తల్లినే చూస్తోంది. తనకు ఒక అక్క ఉండేదని, పెద్దపాప అని పిలిచేవారని మాత్రమే ఆ పిల్లకు తెలుసు.

"మరి నా పుట్టినరోజు ఎప్పుడు?" అంది.

రోశమ్మ ఆలోచించింది. "కందులు కోసేటప్పుడు," అంది. "తారీఖు తెలీదు. ఆ దినం మబ్బు పట్టింది, కందికట్టె తడుస్తాదని అందరం పరిగెత్తినాం."

అయిదు దాటాక నాగేశ్వర్లు ఆ పేజీ ఇంకోసారి తెరిచాడు. గడువు ముగిసిందని ఉంది. పెన్‌డ్రైవ్ తీసి జేబులో పెట్టుకుని, "సార్, నేను..." అని, మిగిలింది చెప్పకుండానే వెళ్ళిపోయాడు. రోశమ్మ, లీదియా కూడా వెళ్ళారు. కవరు బల్ల మీద మరచిపోతే నేనే వెనక వెళ్ళి ఇచ్చాను.

ఒంటరిగా కూర్చున్నాక నాకు ఒక్కొక్కటే తోచింది. కెజియా తీగ ఊడితే ఒక మాట పెట్టింది, సైటు ఆగితే ఒక మాట పెట్టింది, వేలు కలవకపోతే వేరే మాట పెట్టింది. వాటి మధ్య తేడా తెలియాలనే అంత కష్టపడింది. పొద్దున అది రెండుసార్లు, తెలుగులో, స్పష్టంగా చెప్పింది. ఈ వేలు, కార్డులో వేలు ఒకటి కాదు అని. నేను గొంతు విన్నాను. మాట వినలేదు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు వాక్యాలు విప్పి చెబుతున్నవాణ్ణి.

ఇంకొకటి కూడా తోచింది. మిషన్ చెడిందో లేదో తెలుసుకోవాలంటే అవ్వలకు చేసినట్టే నా నంబరు కొట్టి నా వేలు పెట్టి చూస్తే సరిపోయేది. నిమిషం పని. ముగ్గురం పెద్దవాళ్ళం, ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. ఇప్పుడు రోజూ వస్తుంది.

హెలెన్ ఏడున్నరకు వచ్చింది. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి, దుప్పటి మంచం మీద ఉండటం చూసింది. తర్వాత తెర చూసింది. అందులో ఏదో పచ్చిక బయలు బొమ్మ ఉంది. నేను జరిగిందంతా చెప్పాను. ఏమీ దాచలేదు.

"ఏం లేవన్నావా?" అంది.

"అన్నాను."

ఆమె కుర్చీలో కూర్చుంది. "మిషన్ బాగానే ఉండె గదా," అంది. "నిన్న కూడా నా వేలు తీసుకున్నాది."

నేను అర్థం కాక చూశాను.

"నువ్వు బడికి పోయినాక రోజూ ఒకసారి పెడతా. మనకు నేర్పిన పేజీలోనే. వేలు పెట్టు అంటాది. పెడతా. కలిసిందమ్మా, ఇంక తియ్యి, అంటాది. నాకొక్కదానికే అట్ల పెట్టింది, అమ్మా అని. మిగతా అందరికీ అవ్వానే. నీకు చెప్తే నువ్వు తట్టుకోలేవని చెప్పలేదు."

తర్వాత ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. మధ్యాహ్నం గిన్నెలు రోశమ్మ కడిగి బోర్లించి పెట్టి ఉంది. హెలెన్ వాటినే మళ్ళీ తీసి కడగడం వినిపించింది. ఈ పనికి నన్ను ఆమె ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

రెండు రోజుల తర్వాత నేను సెలవు పెట్టి మార్కాపురం వెళ్ళాను. కిషోర్ దగ్గరా, తెలిసిన ఒకరిద్దరు ఉద్యోగుల దగ్గరా అడిగాను. నాకు అర్థమైనంతలో సంగతి ఇది. ముందు లీదియా అనే పిల్ల చనిపోయిందని రాయించాలి. దానితో ఆ నంబరు ఆగిపోతుంది. తర్వాత చిన్నది పుట్టిందని రాయించాలి. దానికి పదిహేనేళ్ళు ఆలస్యంగా సాక్ష్యాలు చూపాలి. ఆ కాగితంతో కొత్త నంబరు. ఇక బడి రిజిస్టర్లలో, పదో తరగతి సర్టిఫికెట్లో పేరు, పుట్టిన తేదీ చచ్చిపోయిన పిల్లవి. వాటిని మార్చాలంటే ఎవరిని అడగాలో ఎవరూ ఖాయంగా చెప్పలేదు.

"సార్, చెప్పకూడదు గానీ, చచ్చిపోయినోళ్ళను చంపడం కూడా మన దేశంలో తేలిక కాదు," అన్నాడు కిషోర్. నవ్వబోయి మానేశాడు.

ఏదో ఒకచోట మొదలుపెట్టాలి కదా అని మరణం నమోదుకు దరఖాస్తు నేనే రాశాను. ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి వెనక వీధిలో రోశమ్మ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో రెండు సంచులు కట్టి ఉన్నాయి. లీదియా లోపల బట్టలు మడుస్తోంది. రోశమ్మ నులక మంచం వాల్చి, "కూర్చో సారూ," అంది.

"ఏముండాది దీంట్లో?" అని అడిగింది కాగితం చూసి.

చదివి వినిపించాను. శ్యాంసన్, రోశమ్మల కుమార్తె లీదియా, వయసు ఆరు సంవత్సరాలు, ఫలానా ఊళ్ళో మరణించింది. చివర ఆమె వేలిముద్ర వేయాల్సిన చోటు చూపించాను.

ఆమె కాగితాన్ని అందుకోలేదు.

"సారూ, ఒకటి అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. మీ రేషన్ కార్డులోంచి కెజియా పాప పేరు తీపిచ్చినారా?"

"లేదు."

"ఎనిమిది నెలలైంది గదా. తీపిచ్చాల గదా."

"తీయించాలి."

"మరి?"

ఆమె నన్ను దెప్పడానికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేను కాగితం మడిచాను. అప్పుడు నేను మడవకుండా ఉండాల్సింది. ఇది నా కూతురి సంగతి కాదు, నీ బిడ్డ బతుకు సంగతి అని చెప్పాల్సింది. నేను మాస్టరును, చెప్పడమే నా పని.

లీదియా గడపలోకి వచ్చి నిలబడింది.

"సారూ, ఆ కాగితం ఇస్తే నా పది ఏమయితాది?"

"తెలియదమ్మా. మార్చమని అడగాలి. ఏళ్ళు పట్టొచ్చు."

"పది పాసయింది నేనేనా, అక్కనా?"

"నువ్వే."

"కాగితం మీద?"

నేను చేతిలోని కాగితం వైపు చూశాను. ఆ పిల్ల తల ఊపింది. తరగతిలో నేను ప్రశ్నకు జవాబు సరిగ్గా విప్పి చెప్పినప్పుడు ఊపినట్టే ఊపింది.

"వద్దులే సారూ. అది ఇస్తే అక్కా పోతాది, పదీ పోతాది. నాకేం మిగలదు."

"ఊరికే ఉంటే కూడా ఏం మిగలదమ్మా."

"తెలుసు సారూ," అంది.

తల్లి వైపు తిరిగి మామూలుగా అడిగింది. "అమా, హైదరాబాదులో మేస్త్రీ ఆధార్ అడుగుతాడా?"

"అడుగుతాడు. జిరాక్స్ ఇస్తే చాలు," అంది రోశమ్మ. "వేలు అడగరు."

లీదియా లోపలికి వెళ్ళింది. కాసేపటికి ఒక పెట్టె మూత మూసిన చప్పుడు వచ్చింది. రోశమ్మ టీ పెడతానంది, నేను వద్దన్నాను, అయినా పెట్టింది. తాగి గ్లాసు కింద పెట్టి లేచాను.

మరుసటి పొద్దున వాళ్ళు హైదరాబాదు బస్సుకు వెళ్ళారు.